నాలుగు ముక్కల్లో రెండే

ఆదివారం రాత్రి, మారతహళ్ళి, బెంగళూరు.

ఈ రోజు మధ్యాహ్నం అక్కవాళ్ళ ఇంట్లో ఒమాహా అనే పోకర్ పేకాట నేర్చుకున్నాను. నేర్చుకోవడం మొదలుపెట్టాను అనడమే సరైన మాట. టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆటను మేనకోడలు రెండు నెలల క్రితమే నేర్పింది. అందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మీద తెరుస్తారు. ఆ ఏడింటిలో ఏ ఐదింటినైనా కలుపుకోవచ్చు; ఎవరి ఐదు పెద్దవైతే వారిదే ఆట. ఒమాహాలో చేతికి నాలుగు ముక్కలు వస్తాయి, బల్ల మీద పడేవి మాత్రం ఆ ఐదే. అయితే చేతిలోవి కచ్చితంగా రెండు, బల్ల మీదవి కచ్చితంగా మూడు తీసుకుని తీరాలి. ఒకటీ నాలుగూ కుదరదు, మూడూ రెండూ కుదరదు. వినడానికి ఇంత చిన్న నియమం సాయంత్రం దాకా నాకు పట్టుబడలేదు.

మా ఇళ్ళలో పేకాట అంటే పదమూడు ముక్కల రమ్మీయే. రమ్మీలో చేతికొచ్చిన ప్రతి ముక్కనూ ఏదో ఒక వరుసలోనో సెట్టులోనో ఇమడ్చాలి; ఇమడనిది ఒక్కటి మిగిలినా షో చెప్పడానికి లేదు. చిన్నప్పటి నుంచీ వేళ్ళకు అలవాటైన పని అది. అందుకే నాలుగు ముక్కలు అందుకోగానే, ఏ రెండు పక్కన పెట్టాలో చూడడానికి బదులు నాలుగింటినీ ఒకదానితో ఒకటి ముడిపెట్టబోతున్నాను.

తెనాలి నుంచి వచ్చి ఉన్న బావగారి నాన్నగారిదీ ఇదే ఇబ్బంది. మొదటి పంపకంలోనే ఆయనకు మూడు రాజులు వచ్చాయి. ఆయన చివరిదాకా పట్టుదలగా నిలబడి, ఓడిన తరువాత ముక్కలు తెరిచి చూపించారు. "తాతయ్యా, వీటిలో రెండే లెక్కకొస్తాయి. మూడో రాజు మీ చేతిలోనే ఇరుక్కుపోయింది, బల్ల మీద పడడానికి ఇంకొక్కటే మిగిలింది" అని మేనకోడలు చెప్పింది. మరి నాలుగు ఆసులూ వస్తే ఏమిటని ఆయన అడిగారు. ఆసుల జతే తప్ప మూడో ఆసు కలిసే దారే లేదని అది చెప్పగానే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఇది మూడుముక్కలాట లాంటిదా, రమ్మీ లాంటిదా అని అడిగి, 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీ మూడుముక్కలాటలా కేవలం అదృష్టం మీద నడిచేది కాదని, అందులో ముక్కలు గుర్తుపెట్టుకునే నేర్పు కావాలని సుప్రీంకోర్టు చెప్పిన సంగతి వివరంగా చెప్పారు. ఆయన అడిగింది మంచి ప్రశ్న. ఒమాహా 1980ల తొలి ఏళ్ళలో లాస్ వేగస్‌లోని గోల్డెన్ నగెట్ క్యాసినోకు చేరిందని మేనకోడలికి తెలుసు కానీ, ఆయనకు కావలసిన జవాబు అది కాదు.

డబ్బు మాట ఎత్తకూడదని అక్క ముందే షరతు పెట్టింది. వేసవిలో చింతపండు గింజ తీసినప్పుడు వామనగుంటల కోసం హార్లిక్స్ సీసాలో దాచిన చింతపిక్కలను తెచ్చి, ఐదుగురికీ తలా అరవై లెక్కపెట్టి ఇచ్చింది. ఒమాహాను ఎక్కువగా పాట్ లిమిట్ పద్ధతిలో ఆడతారు, అంటే ఒకసారికి కాసే పందెం మధ్యలో ఉన్న మొత్తాన్ని మించకూడదు. ఆ లెక్క పిక్కలతోనే నాకు అర్థమైంది.

నాలుగో ఆటో ఐదో ఆటో గుర్తులేదు కానీ, ముక్కలు మాత్రం కళ్ళకు కట్టినట్టున్నాయి. నా చేతిలో ఆఠీను ఆసు, ఇస్పేటు రాజు, డైమను తొమ్మిది, కళావరు ఆరు. బల్ల మీద చివరి ముక్క కూడా తెరిచాక ఆఠీనులో రాజు, ఎనిమిది, నాలుగు, రెండు, వాటి పక్కన కళావరు జాకీ. నాలుగు ఆఠీన్లు అక్కడ, ఆసు నా దగ్గర. ఇంతకన్నా పెద్ద ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు, ఉండదని నా గుండె గట్టిగా కొట్టుకుంది. మధ్యలో పన్నెండు పిక్కలుండగా అక్క ఆరు కాసింది. ఆ ఆరుకు సమానంగా ముందు ఆరు వేస్తే మొత్తం ఇరవైనాలుగు అవుతుంది, ఆపైన మరో ఇరవైనాలుగు దాకా పెంచవచ్చు. మొత్తం ముప్పై పిక్కలు దోసిట్లోకి తీసుకుని ముందుకు తోశాను. నున్నబడిన పిక్కలు కావడంతో రెండు జారి బల్ల కిందికి దొర్లాయి. వాటిని ఏరి పెట్టేసరికి అక్క మిగతా ఇరవైనాలుగూ వేసేసింది. తన చేతిలోని ఆఠీను తొమ్మిదీ ఐదూ చూపించింది.

నేను ఆసు తెరిచాను. "మామయ్యా, రెండో ఆఠీను ఏది?" అని మేనకోడలు మెల్లగా అడిగింది. నా చేతిలో రెండో ఆఠీను లేదు. నాకు దక్కినది రాజుల జత ఒక్కటే. హోల్డెమ్‌లో అయితే ఆ డెబ్బైరెండు పిక్కలూ నావే. ఓటమికన్నా, నియమం నోటికి వచ్చి ఉండి కూడా కంటికి ఆనకపోవడం నన్ను ఎక్కువ బాధించింది.

టీ తాగుతూ మేనకోడలు కాగితం మీద లెక్క వేసి చూపించింది. చేతిలోని నాలుగింటి నుంచి రెండేసి చొప్పున ఆరు జతలు, బల్ల మీది ఐదింటి నుంచి మూడేసి చొప్పున పది కూర్పులు, వెరసి అరవై. హోల్డెమ్‌లో ఇరవై ఒకటే. ఇన్ని దారులు ఉన్నందువల్లనే ఒమాహాలో మామూలు జతలు చాలా తక్కువగా నెగ్గుతాయి, చిన్న ఫ్లష్‌ను కూడా పూర్తిగా నమ్ముకోలేము. అరవైనీ తిరగేయనక్కరలేదని, ముందు చేతిలోని ఆరు జతలనూ విడివిడిగా చూసి, ఆ తరువాతే బల్ల వైపు చూడమని అది చెప్పింది. నాకు ఆ సలహా బాగా నచ్చింది. ఇన్నాళ్ళూ ముందు బల్లను చూసి, దానికి అతికేది చేతిలో వెతుకుతున్నాను.

ఇంటికి వచ్చాక కట్ట తీసి, మంచం మీద నాకు నేనే ఇరవైసార్లు పంచుకున్నాను. ప్రతిసారీ ఆరు జతలు రాసుకుని, ఐదు ముక్కలు తెరిచి, నాకు దక్కే పెద్ద జట్టు ఏదో పైకి చెప్పి, తరువాత సరిచూసుకున్నాను. పద్నాలుగు సరిగ్గా వచ్చాయి. తప్పిన ఆరింటిలో నాలుగు, బల్ల మీద ఒకే గుర్తు ముక్కలు నాలుగు పడినప్పుడో, మూడు పడినప్పుడో తప్పినవే.