పౌలు మాటను కూడా పరీక్షించినవారు

"వీరు థెస్సలొనీకలో ఉన్నవారికంటె ఘనులైయుండిరి గనుక ఆసక్తితో వాక్యమును అంగీకరించి, పౌలును సీలయును చెప్పిన సంగతులు ఆలాగున్నవో లేవో అని ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి." (అపొస్తలుల కార్యములు 17:11)

ఈ వచనంలో "వీరు" అంటే బెరయ అనే పట్టణంలోని యూదులు. ఈ బెరయవారి గురించి ప్రసంగాలలో తరచుగా వింటాం. ఈ వచనాన్ని ఇష్టంగా ఉదహరించే బోధకుల్లో కొందరు మాత్రం, ఇది తమ ప్రసంగానికి కూడా వర్తిస్తుందని తలచినట్లు కనబడరు. వర్తించకుండా ఎలా ఉంటుంది? అక్కడ పరీక్షకు నిలబడింది పౌలే కదా. మనకు ఆయన అపొస్తలుడు, పత్రికలు రాసిన మహనీయుడు. బెరయవారికి మాత్రం ఆయన థెస్సలొనీకలో అల్లరి జరిగిన తరువాత రాత్రివేళ పంపివేయబడి వచ్చిన కొత్తవాడు. ఈ సంగతి రాసిన లూకా పౌలుతో కలిసి ప్రయాణించిన సహచరుడు. తన స్నేహితుడి మాటను వెంటనే నమ్మకుండా లేఖనాలు తెరిచినవారిని ఆయన తప్పుపట్టలేదు, ఘనులన్నాడు.

వారి చేతుల్లో ఏముందో కూడా చూడాలి. కొత్త నిబంధన అప్పటికి గ్రంథంగా లేదు. వారు పరిశోధించినది ధర్మశాస్త్రం, ప్రవక్తలు, కీర్తనలు. అవి చేతిరాత చుట్టలు. సొంత ప్రతి ఉండటం చాలా అరుదు, అవి సమాజమందిరంలో చదివి వినిపించేవి. మనకు అలవాటైన అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఆంగ్లేయ మతాధికారి చేసినది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రోబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడి ముద్రణతో వచ్చాయి. కాబట్టి బెరయవాడికి ఒక వచనాన్ని వేలితో చూపి పుస్తకం మూసేసే సౌకర్యం లేదు. ముందూ వెనకా చదువుతూ పోవలసిందే. అంకెలు వెతకడానికి ఎంతో ఉపయోగపడతాయి, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే వచనాన్ని దాని ఇంట్లోంచి విడదీసి తెచ్చే అలవాటు కూడా వాటి వెంటే వచ్చింది.

యిర్మీయా 29:11నే తీసుకోండి. మన విషయంలో దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని చెప్పే ఆ మాట ఎందరికో వాగ్దాన వచనం. ఒక్క వచనం వెనక్కి వెళ్లండి: ఆ మేలు డెబ్బది సంవత్సరాల తరువాతిది. మొదటినుంచి చదవండి: అది బబులోనుకు చెరపట్టబడిన ప్రజలకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అంటోంది. అంటే త్వరగా తిరిగి రారని. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందని యెహోవా పేరున ప్రకటించాడు. యిర్మీయా మెడమీది కాడిని తీసి విరిచి చూపించాడు కూడా. వినేవారికి ఏ ప్రవక్త నచ్చి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. నచ్చిన ప్రవచనం అబద్ధమైంది, నచ్చనిది దేవుని వాక్కు అయింది. ఈ నేపథ్యం తెలిస్తే 29:11లోని ఆదరణ తగ్గుతుందని నేననుకోను. ఓర్చుకోవలసిన కాలం ఎంత పొడుగో ముందే చెప్పిన దేవుడు ఇస్తున్న నిరీక్షణ అది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనకు గిట్టని బోధకుడు మాట్లాడితే మనమంతా బెరయవారమే. ప్రతి వాక్యానికీ వచనం అడుగుతాం. మనం అభిమానించే సేవకుడు, మన సంఘపు పెద్ద, మన కష్టంలో ప్రార్థన చేసిన మనిషి మాట్లాడితే బైబిలు ఒళ్లోనే మూసి ఉంటుంది. పరీక్ష అవసరమైనది ఆ రెండో సందర్భంలోనే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. 1 రాజులు 13వ అధ్యాయం చదివినప్పుడల్లా ఈ నమ్మకం బలపడుతుంది.

యూదానుంచి ఒక దైవజనుడు బేతేలుకు వచ్చి, యరొబాము రాజు ఎదుటే బలిపీఠానికి విరోధంగా ప్రకటిస్తాడు. రాజు చాచిన చెయ్యి ఎండిపోతుంది, మళ్లీ ఆయన ప్రార్థనతోనే బాగవుతుంది. ఇంటికి రమ్మని, బహుమానం ఇస్తానని రాజు పిలుస్తాడు. నీ ఇంటిలో సగం ఇచ్చినా రానంటాడు దైవజనుడు. అక్కడ అన్నం తినవద్దు, నీళ్లు తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు అని దేవుడు ఆయనతో చెప్పాడు. రాజు ముందు ఆయన చెక్కుచెదరలేదు.

తరువాత బేతేలులోని ఒక ముసలి ప్రవక్త గాడిదనెక్కి ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను ఇంటికి తీసుకువచ్చి భోజనం పెట్టమని యెహోవా మాటగా దూత నాతో చెప్పాడు అన్నాడు. అది అబద్ధమని గ్రంథకర్త వెంటనే చెబుతాడు. దైవజనుడు మారు ప్రశ్న వేయలేదు, వెళ్లి తిన్నాడు. తిరుగు దారిలో సింహం అతణ్ణి చంపింది. శత్రువు చూపిన ధనానికి లొంగని మనిషి సాటి ప్రవక్త మర్యాదకు లొంగిపోయాడు. ముసలివాడు ఎందుకు అబద్ధమాడాడో లేఖనం చెప్పదు. దైవజనుడు అడగవలసిన ప్రశ్న మాత్రం స్పష్టంగానే ఉంది: దేవుడు నాతో సూటిగా చెప్పిన మాటను నీ దూత ఎందుకు కొట్టివేస్తున్నాడు?

పౌలు గలతీయులకు రాసినప్పుడు దూత ప్రస్తావన తెచ్చాడు. "మేమైనను పరలోకమునుండి వచ్చిన యొక దూతయైనను" మరొక సువార్త ప్రకటిస్తే శాపగ్రస్తుడే అన్నాడు. దూతకంటే ముందు తన పేరు పెట్టుకున్నాడు! అద్భుతాల సంగతి ద్వితీయోపదేశకాండము 13లో ఉంది: ప్రవక్త చెప్పిన సూచన నెరవేరినా సరే, అన్య దేవతలను అనుసరించుదమని పిలిస్తే అతని మాట వినకూడదు. చివరకు వచనం చెప్పినంత మాత్రాన కూడా సరిపోదు. అపవాది దేవాలయ శిఖరం మీద 91వ కీర్తన వల్లించాడు. యేసు ఆ కీర్తనను కాదనలేదు, ద్వితీయోపదేశకాండములోని మరొక మాటను దాని పక్కన ఉంచాడు.

ఒంటరిగా చదివేవారికి మరో ప్రమాదం ఉంది. పరిశోధించడమే పనిగా పెట్టుకున్నవారితో యేసు యోహాను 5వ అధ్యాయంలో మాట్లాడాడు. ఆ లేఖనాలు తనను గూర్చి సాక్ష్యమిస్తున్నా వారు తన దగ్గరకు రావడానికి ఇష్టపడటం లేదన్నాడు. ఎవరి తప్పు దొరుకుతుందా అని చదివితే మనకూ అదే గతి. పరీక్షించడమంటే బోధకులను వదిలేయడమూ కాదు. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్న ఐతియొపీయుడు, త్రోవ చూపేవాడు లేకుంటే ఎలా గ్రహించగలనని ఫిలిప్పును పైకెక్కించుకున్నాడు. బెరయవారు కూడా ముందు ఆసక్తితో విన్నారు, తరువాత వెతికారు. అందువల్ల వారిలో అనేకులు విశ్వసించారని తరువాతి వచనం చెబుతోంది.

తప్పు దొరికినప్పుడు ఏం చేయాలో అపొస్తలుల కార్యములు తరువాతి అధ్యాయంలోనే, అంటే 18లో, ఉంది. అలెక్సంద్రియవాడైన అపొల్లో గొప్ప వక్త, లేఖనాలలో ప్రవీణుడు. ఎఫెసులో యేసును గూర్చి వివరంగా బోధించాడు గాని, అతనికి తెలిసినది యోహాను బాప్తిస్మము మాత్రమే. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు విన్నారు. డేరాలు కుట్టి బతికేవారు. సమాజమందిరంలో లేచి నిలబడి అతని మాటకు అడ్డుపడలేదు, ఊరంతా చెప్పుకోనూ లేదు. అతణ్ణి చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. అంత పేరున్న పండితుడు చేతిపనివారి మాట విన్నాడు. ఆ తరువాత సహోదరులు రాసిచ్చిన ఉత్తరంతో అకయకు వెళ్లి, యేసే క్రీస్తని లేఖనాల నుంచే బహిరంగంగా రుజువు చేశాడు.