ఆదివారం కొట్లు మూసే ఊళ్లో

బెర్లిన్ వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ సీనియర్లను అడిగేవి ఎప్పుడూ మూడే: వీసా, బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతా), ఇల్లు. శని, ఆదివారాల సంగతి ఎవరూ అడగరు. మొదటి ఆదివారం పొద్దున ఖాళీ ఫ్రిజ్ తలుపు తీసి నిలబడ్డప్పుడు గానీ అదీ అడగాల్సిందేనని తెలీదు.

జర్మనీలో ఆదివారం కొట్లు మూసేది ఏదో అలవాటు కొద్దీ కాదు. ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న మాటను 1949 రాజ్యాంగంలోనూ అలాగే ఉంచుకున్నారు. ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఆదివారాలకే మినహాయింపు. అందుకే ఇక్కడి వారాంతాన్ని శనివారం రాత్రి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ఆలోపు పనులు తెమిలితే ఆదివారమంతా ఊరు మీ సొంతమే.

మొదలుపెట్టాల్సింది శుక్రవారం సాయంత్రం, మైబాఖూఫర్ దగ్గర. కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో జరిగే ఈ సంతను అందరూ టర్కీ సంత అంటారు. ఊ-బాన్ అనే మెట్రోలో ఊ8 (U8) లైన్ ఎక్కి షోన్‌లైన్‌స్ట్రాసె స్టేషన్‌లో దిగితే నాలుగడుగులు. పొద్దున పదకొండుకి మొదలై సాయంత్రం ఆరున్నరకి సర్దేస్తారు. ఆరు దాటాక ధరలు పడిపోతాయి, మిగిలినవి పెట్టెలకు పెట్టెలే ఒకటి రెండు యూరోలకు ఇచ్చేస్తారు. అయితే ఆ పెట్టెలో పైవరస టమాటాలే కళకళలాడుతుంటాయి, అడుగున సగం మెత్తబడి ఉంటాయి. ఆదివారంలోపు పచ్చడో పప్పో చేసేయగలిగితేనే కొనండి. చిల్లర తీసుకెళ్లండి, కార్డు అందరూ తీసుకోరు. కొత్తిమీర దగ్గర మాత్రం జాగ్రత్త: పక్కనే పార్స్‌లీ కట్టలుంటాయి, చూపుకి రెండూ కవలలు. ఒక ఆకు నలిపి వాసన చూసి తీరాలి. లావుపాటి పొడుగు పచ్చిమిర్చి కారం ఉండదు, బజ్జీలకు బాగుంటుంది. కూరకైతే సన్నవి వెతకండి.

శనివారం పొద్దున ముందు సీసాల సంచి బయటికి తీయాలి. ఇక్కడ డ్రింకు కొన్నప్పుడల్లా సీసాకి డిపాజిట్ కడతాం, దాన్నే ఫాండ్ అంటారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకి, డబ్బాకి 25 సెంట్లు. మామూలు బీరు సీసాకి 8, మళ్లీ వాడే నీళ్ల సీసాలకి చాలావరకు 15. వైన్ సీసాకి సాధారణంగా ఏమీ రాదు, దాన్ని గాజు చెత్త డబ్బాలో వేయాలి, అదీ ఆదివారం కాదు. సూపర్‌మార్కెట్‌లో యంత్రం నోట్లో ఒక్కొక్కటే పెడితే లేబుల్ చదువుకుని చివర్లో చీటీ ఇస్తుంది. సీసాని నలిపినా, లేబుల్ చింపినా తీసుకోకుండా బయటికి తోసేస్తుంది. చీటీని ఆ కొట్లోనే బిల్లు కట్టేటప్పుడు ఇవ్వాలి. శనివారం సాయంత్రమైతే యంత్రం ముందు క్యూ, లోపల బుట్ట నిండిపోయి ఎర్రలైటు. పొద్దున్నే వెళ్లినవాళ్లు బతికిపోతారు. పార్కులో తాగిన సీసాని చెత్తడబ్బాలో పారేయకుండా పక్కన నిలబెట్టడం ఈ ఊరి మర్యాద. వాటిని ఏరుకుని నాలుగు డబ్బులు చూసుకునేవాళ్లున్నారు.

ఇక పిండి. ఆదివారం ఇడ్లీ కావాలంటే శనివారమే రుబ్బాలి, ఎందుకంటే ఆదివారమంతా, మిగతా రోజుల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పక్కింటివాళ్లకి ఇబ్బందయ్యే చప్పుడు చేయకూడదని నగర చట్టం. మన 750 వాట్ల మిక్సీ ఆ లెక్కలోకి తప్పకుండా వస్తుంది. కరెంటు మన ఊళ్లో లాగే 230 వోల్టులు, కానీ మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, ఎర్త్ ఉన్న అడాప్టర్ కావాలి. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నాననిచ్చి, చల్లటి నీళ్లతో ఆపి ఆపి తిప్పితే మిక్సీ జార్ వేడెక్కదు, పప్పు పొంగుగా నలుగుతుంది. అసలు చిక్కు పులియబెట్టడంలో ఉంది. చలికాలం గదిలో 19, 20 డిగ్రీలే ఉంటే పిండి రాత్రంతా రాయిలా కూర్చుంటుంది. ఓవెన్‌ వేడి పెట్టకుండా లోపలి దీపం ఒక్కటే వేసి గిన్నె పెడితే పన్నెండు గంటల్లో, కాస్త అటూఇటూగా, పొంగుతుంది. గిన్నెలో మూడోవంతు ఖాళీ వదలండి. ఓవెన్ తలుపు మీద చీటీ అంటించడం మాత్రం మరవద్దు. షేరింగ్ ఫ్లాట్‌లో అర్ధరాత్రి ఆకలేసినవాడు లోపలికి చూడకుండా పిజ్జా కోసం 220 డిగ్రీలు తిప్పేస్తాడు, పిండి కాస్తా కేకవుతుంది.

పోపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ తీయండి. బెర్లిన్ ఇళ్లలో పడగ్గదులకీ నడవాలకీ పొగ అలారం తప్పనిసరి, ఎండుమిర్చి ఘాటుతో నిండిన పొగకీ మంటకీ దానికి తేడా తెలీదు. గోల భరించలేక అలారం పీకి సొరుగులో పడేసేవాళ్లున్నారు. అది తప్పు, ప్రమాదం కూడా.

శనివారం రాత్రి ఊరు నిద్రపోదు. మామూలు రోజుల్లో ఒంటిగంట ప్రాంతంలో ఆగిపోయే ఊ-బాన్ శుక్ర, శనివారాల్లో రాత్రంతా పావుగంటకొకటి నడుస్తుంది. స్టేషన్‌లో గేట్లుండవు కాబట్టి టికెట్ అడిగేవాళ్లు లేరనుకోవద్దు. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లో ఎక్కి, తలుపులు మూసుకున్నాక గుర్తింపు కార్డు తీస్తారు. టికెట్ లేకపోతే 60 యూరోలు. విద్యార్థుల సెమిస్టర్ టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, అంటే తెల్లవారుజామున మూడింటికి ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క. పేరు మీద ఉన్న టికెట్‌ని తర్వాత చూపించి చిన్న రుసుముతో బయటపడొచ్చు గానీ, పవర్ బ్యాంకు అంతకన్నా సుఖం. క్లబ్బుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు: పాస్‌పోర్టు లేదా రెసిడెన్స్ కార్డు, కొంత నగదు, గుంపుగా కాకుండా ఇద్దరు ముగ్గురు. చాలాచోట్ల లోపలికెళ్లేటప్పుడు ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ వేస్తారు. తలుపు దగ్గర వద్దంటే వద్దే, కారణం అడిగి లాభం లేదు.

మ్యూజియాల విషయంలో పాత సలహాలు నమ్మకండి. నెలలో మొదటి ఆదివారం ఉచితమన్న పథకం 2024తో ఆగింది. పెర్గమాన్ మ్యూజియాన్ని మరమ్మతుల కోసం 2023 అక్టోబర్‌లో పూర్తిగా మూసేశారు. తెరిచారో లేదో చూసుకునే బయల్దేరండి. బెర్నవర్ స్ట్రాసెలో బెర్లిన్ గోడ స్మారకానికి టికెట్ లేదు. పార్లమెంటు గాజు గుమ్మటమూ ఉచితమే, కాకపోతే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

గోడ స్మారకం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మవర్‌పార్క్. మవర్ అంటే గోడ, ఒకప్పుడు సరిహద్దు కాపలా నేల అది. ఆదివారం అక్కడ పాత సామాన్ల సంత, వేసవిలో రాతి మెట్ల మీద జనం కూర్చుని చూసే కరావోకే. గిన్నెలు, కోట్లు, పుస్తకాలు నిర్భయంగా కొనండి. సైకిల్ దగ్గర మాత్రం ఆగండి. దొంగ సైకిల్‌ని తెలియక డబ్బిచ్చి కొన్నా జర్మన్ చట్టం ప్రకారం అది మీది కాదు, అసలు యజమాని వస్తే ఇచ్చేయాల్సిందే. ఫ్రేమ్ నంబరు చెరిపేసి ఉంటే వదిలేయండి. అమ్మేవాడి పేరు, చిరునామా, ఫ్రేమ్ నంబరు, ధర ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించండి. సంతకానికి వెనకాడేవాడి దగ్గర ఎంత చౌకైనా వద్దు. రెండు బ్రేకులు, గంట, ముందూ వెనకా లైట్లు లేకపోతే పోలీసు జరిమానా వేరే.

మంచి సైకిల్ దొరికితే టెంపెల్‌హోఫ్‌కి తొక్కండి. 2008లో మూసిన విమానాశ్రయం 2010 నుంచి పార్కు. ఇళ్లు కట్టాలన్న ప్రతిపాదనను 2014లో నగరవాసులు ఓటేసి ఆపారు. రన్‌వే మీద సైకిల్ తొక్కడం హాయే, కానీ ఒకవైపు వెళ్లేటప్పుడు వెన్నుతట్టిన గాలే తిరిగొచ్చేటప్పుడు ఎదురు నిలబడుతుంది. బార్బెక్యూకి గుర్తు పెట్టిన చోట్లే వాడాలి. చీకటి పడేసరికి గేట్లకు తాళం వేస్తారు, కాబట్టి మూసే వేళ లోపలికెళ్లేటప్పుడే చూసుకోండి. గుడికి వెళ్లాలనిపిస్తే ఊ7 లైన్‌లో బ్లాష్కోఅలె దగ్గర తమిళులు కట్టుకున్న మురుగన్ గుడి ఉంది.

ఇంత చేసినా ఉప్పో పాలో మరిచిపోతే హాప్ట్‌బాన్‌హోఫ్ (ప్రధాన రైల్వే స్టేషన్) లాంటి పెద్ద స్టేషన్లలో సూపర్‌మార్కెట్ ఆదివారమూ తెరిచే ఉంటుంది, క్యూకి ఓపిక తెచ్చుకోండి. జ్వరమొస్తే వంతులవారీగా తెరిచే మందుల షాపు ఉంటుంది, బిల్లుకి తోడు 2.50 యూరోలు. డాక్టర్ కోసం 116117, ప్రాణం మీదికొస్తే 112.

ఇంటికి ఫోన్ చేసే వేళ ఒకటి మిగిలింది. వేసవిలో మన దేశానికి తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. గడియారాలు మారేది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. ఇక్కడ పొద్దున పదింటికి చేసే ఫోన్ వేసవంతా మన ఇంట్లో మధ్యాహ్నం ఒకటిన్నరకి మోగి, అక్టోబర్ చివరి ఆదివారం హఠాత్తుగా రెండున్నరకి మోగుతుంది. ముందు వారమే చెప్పకపోతే అమ్మావాళ్లు ఒకటిన్నర నుంచి ఫోన్ పక్కనే కూర్చుంటారు.