23 ఛార్జింగ్ వైర్లు, ఒక సంక్రాంతి సెలవు

దసరాకి అమ్మ ఫోన్ బ్యాటరీ మార్పించాను. తెనాలిలో ఒక షాపులో 1,400 రూపాయలు అయింది. "రాత్రి పడుకునేటప్పుడు పెడితే పొద్దున కాఫీ వేళకి కూడా నిండట్లేదురా" అని అమ్మ రెండు నెలలుగా అంటూనే ఉంది. ఐదేళ్ళ నాటి ఫోన్ కదా, బ్యాటరీ పోయి ఉంటుందని నేనే తేల్చేశాను. షాపువాళ్ళని అనడానికేమీ లేదు. నేను మార్చమన్నాను, వాళ్ళు మార్చారు. తీరా సంక్రాంతికి ఊరెళ్తే మళ్ళీ అదే పాట.

భోగి నాడు మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, అమ్మ ఛార్జర్‌కే నా వైరు తగిలించి ఫోన్ పెట్టాను. మూడు గంటల్లో నిండిపోయింది. అంటే బ్యాటరీ కాదు, ఛార్జర్ కాదు, వైరు. నా 1,400 రూపాయలు భోగి మంటలో వేసినట్టే.

ఆ వైరుని చూస్తే ఏ లోపమూ కనపడదు. ఎక్కడా చిట్లలేదు, పిన్ను వంగలేదు. ఫోన్‌కి పెట్టగానే ఛార్జింగ్ గుర్తు ఠంచనుగా వస్తుంది. "బానే ఉందిగా, దాన్నెందుకు ఆడిపోసుకుంటావు? అయినా ఇంకోటి కావాలంటే డబ్బాలో ఉన్నాయి చూడు" అని అమ్మ అల్మారా పైనుంచి పాత బిస్కెట్ల డబ్బా దించింది. మూత తీస్తే జంతికలనుకుని మా చిన్నోడు చెయ్యి పెట్టాడు. అన్నీ ఛార్జింగ్ వైర్లే. చిక్కులు విడదీసి, అమ్మ వైరు కూడా కలిపి లెక్కపెడితే 23. మా నాన్న ఫోన్‌ది, అక్క వాళ్ళు వదిలేసి వెళ్ళినవి, బస్టాండుల్లో కొన్నవి, ఎవరివో తెలియనివి. వీటిలో ఏవి పనికొస్తాయో ఆ సెలవుల్లోనే తేల్చేద్దామనిపించింది.

మొదట నేను చేసింది తెలివితక్కువ పని. ఒక్కో వైరూ నా ఫోన్‌కి పెట్టి, గుర్తు వస్తే మంచిది, రాకపోతే చెడ్డది అని రెండు కుప్పలు వేశాను. 23లో 21 మంచి కుప్పలోకి వెళ్ళాయి. అమ్మ ఫోన్‌ని ఏడిపించిన వైరు కూడా అందులోనే ఉంది! అప్పుడుగానీ నాకు బుర్ర వెలగలేదు.

కనుమ నాడు మా బావమరిది వచ్చాడు. విజయవాడలో వాడికి మోటార్ వైండింగ్ షాపు ఉంది, పక్కన పవర్ బ్యాంకులూ అవీ బాగుచేస్తుంటాడు. నా కుప్పలు చూసి నవ్వాడు. "ఫోన్‌తో టెస్ట్ చేస్తే ఏం తెలుస్తుంది బావా? వైరు చివర వోల్టేజీ పడిపోతోందని తెలియగానే ఫోన్ తనే కరెంటు తగ్గించి తీసుకుంటుంది. నీకు గుర్తు చూపిస్తుంది, లోపల మాత్రం చెంచాతో తాగుతుంటుంది. మీ ఇంట్లో పూర్వం లైటు ఎలా వెలిగేదో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ లైనుకి చివరిది. అర్ధరాత్రి ఊరంతా పడుకున్నాక ఫ్యాను గిర్రున తిరిగేది. పొలాల్లో మోటార్లు మొదలయ్యాయంటే బల్బు మిణుగురు పురుగే. లైను అదే, దూరమూ అదే. కరెంటు ఎక్కువ లాగినప్పుడు ఆ సన్నటి తీగల్లో వోల్టేజీ ఆవిరైపోయేది. ఛార్జింగ్ వైరులో జరిగేదీ అచ్చంగా ఇదే. ఏమీ లాగనప్పుడు చివర కొలిస్తే ఎంత పనికిమాలిన వైరైనా 5 వోల్టులు చూపిస్తుంది. మల్టీమీటర్‌తో నేరుగా వైరు నిరోధం, అంటే అది కరెంటుని ఎంత అడ్డుకుంటుందో, ఓమ్‌లలో కొలుద్దామంటే మీటర్ తీగలకే ఎంతో కొంత నిరోధం ఉంటుంది. మనం వెతికేది 0.2 ఓమ్‌కీ 0.5 ఓమ్‌కీ మధ్య తేడా. అది అందులో కలిసిపోతుంది. మల్టీమీటర్ ఇక్కడ ఒక్కందుకే పనికొచ్చింది, ప్లస్సూ మైనస్సూ ఎక్కడైనా కలిసిపోయాయేమో ముందే చూసుకోవడానికి.

వాడి సంచీలో రెండు వస్తువులున్నాయి. ఒకటి వోల్టులు, ఆంపియర్లు చూపించే అగ్గిపెట్టెంత యూఎస్‌బీ టెస్టర్. రెండోది లోడు బోర్డు, అంటే రెండు రెసిస్టర్లూ రెండు స్విచ్చులూ ఉన్న చిన్న బోర్డు. స్విచ్ వేస్తే కరెంటు లాగి వేడిగా మార్చేయడమే దాని పని. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపేనట. ఆ వేడి సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది. పది వాట్లంటే ఏముందిలే అని టేబుల్ మీద పెట్టాను, ప్లాస్టిక్ కవరు బొబ్బ తేలింది. అమ్మ చూడకముందే మకాం అరుగు మీది నాపరాయి పైకి మార్చాం.

ముందు వైరు లేకుండా ఛార్జర్‌కి టెస్టర్, దానికి లోడు తగిలించాం. 5.06 వోల్టులు, 1.97 ఆంపియర్లు. ఇది మా గీటురాయి. తర్వాత ఛార్జర్‌కీ టెస్టర్‌కీ మధ్య ఒక్కో వైరూ పెట్టి, లోడు వేడెక్కిపోయేలోగా అంకెలు చూసి మా పాప పాత లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాం. వోల్టేజీ ఎంత పడిందో చూసి, దాన్ని ఆంపియర్లతో భాగిస్తే వైరు నిరోధం వస్తుంది. అంతే లెక్క.

అమ్మ వైరు దగ్గర 4.10 వోల్టులు, 1.60 ఆంపియర్లు వచ్చింది. 0.96ని 1.60తో భాగిస్తే 0.6 ఓమ్. దొంగ దొరికాడు.

మరి ఎంత ఉంటే మంచిది? టైప్-సీ ప్రమాణంలో దీనికి హద్దు ఉంది. వైరు మోయగల పూర్తి కరెంటు దగ్గర ప్లస్ తీగలో 500 మిల్లీవోల్టులు, మైనస్ తీగలో 250 మిల్లీవోల్టులు మించి పడకూడదు. 3 ఆంపియర్ల వైరుకి రెండూ కలిపి లెక్కేస్తే 0.25 ఓమ్. సీ పిన్ను వైర్లకి అదే పాస్ మార్కు పెట్టాను. పాత రకం చిన్న పిన్ను (మైక్రో యూఎస్‌బీ) వాటికి 0.35 దాకా పోనిచ్చాను. అదేమీ ప్రమాణం కాదు, నా జాలి. వాటిని తగిలించే టార్చిలైటూ, స్పీకరూ ఎలాగూ అంత కరెంటు లాగవు.

అన్నిటికన్నా తెల్లబోయింది ఎర్ర వైరు దగ్గర. రెండు మీటర్ల పొడవు, పైన నేత అల్లిక, మెటల్ పిన్ను, దాని మీద ఫాస్ట్ ఛార్జింగ్ అని అచ్చు. కొన్నది నేనే, మోజుపడి. లోడు పెట్టగానే 3.76 వోల్టులకి పడిపోయింది. 1.46 ఆంపియర్లు. లెక్కేస్తే 0.89 ఓమ్. దాని పక్కనే నాన్న ఫోన్‌తో వచ్చిన పాత తెల్ల వైరు, మురికి పట్టి పసుపుపచ్చగా ఉంది, 4.80 వోల్టులు చూపించింది. 0.14 ఓమ్. నమ్మలేక రెండుసార్లు కొలిచాను.

బావమరిది బ్లేడుతో ఎర్రదాన్ని మధ్యలో చీల్చాడు. నేత కింద మెత్తటి ప్లాస్టిక్, దాని కింద దూది లాంటి దారం, ఆ మధ్యలో నాలుగు తీగలు. కరెంటు మోసే ఎరుపు, నలుపు తీగలు, డేటాకి వాడే ఆకుపచ్చ, తెలుపు తీగలు, నాలుగూ ఒకే లావు. గోరుతో పొర గీకితే లోపల జుట్టు పోగుల్లాంటి రాగి. "ఇది 28 నంబరు ఉంటుంది బావా" అన్నాడు. వైండింగ్ వైరులాగే ఇక్కడా నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం. 28 నంబరు రాగి మీటరుకి 0.21 ఓమ్. రెండు మీటర్లు వెళ్ళి, రెండు మీటర్లు తిరిగి రావాలి కాబట్టి నాలుగు మీటర్లు. 0.85 దగ్గర పడింది. మిగిలింది పిన్నుల దగ్గర పోయేది. కాగితం మీద లెక్కా, తెర మీద అంకే ఇంత దగ్గరగా వచ్చినందుకు నాకు ముచ్చటేసింది, నా వైరే పోయినా సరే. అదే 24 నంబరు తీగ వేసి ఉంటే మీటరుకి 0.084తో సరిపోయేది.

నాన్న తెల్ల వైరు మీద టార్చి వేసి చూస్తే సన్నటి అక్షరాల్లో 28 ఏడబ్ల్యూజీ 1పీ, 24 ఏడబ్ల్యూజీ 2సీ అని కనిపించింది. ఏడబ్ల్యూజీ అంటే బావమరిది చెప్పిన ఆ తీగ లావు నంబరే. డేటా జతకి 28, కరెంటు తీగలు రెండిటికీ 24 అని అర్థం. కొనేటప్పుడు ఇంత చూసుకోవచ్చని నాకిన్నాళ్ళూ తెలియదు. అన్నిటి మీదా అచ్చు ఉండదు, ఉన్నదల్లా నిజమని కూడా కాదు.

నాలుగు వైర్లు రెండు వైపులా సీ పిన్ను ఉన్నవి. వాటిని పెడితే టెస్టర్ తెర వెలగనే లేదు. నాలుగూ చచ్చాయనుకుని పక్కన పడేయబోయాను. తప్పు వైర్లది కాదు. సీ పిన్ను ఛార్జర్ అవతలి వైపు ఎవరో ఒకరు ఉన్నారని తెలిసేదాకా కరెంటు వదలదు. అవతల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కనపడితేనే 5 వోల్టులు ఇస్తుంది. ఫోన్‌లో అది ఉంటుంది, మా లోడు బోర్డులో లేదు. బావమరిది ఒక సీ సాకెట్‌కి రెండు రెసిస్టర్లు సోల్డరింగ్ చేసి మధ్యలో పెట్టాడు. నాలుగూ లేచి కూర్చున్నాయి. అందులో ఒకటి మాత్రం 0.41 చూపించి తప్పింది.

ఇలాంటి పరీక్షలకి పేరు తెచ్చుకున్నాయన బెన్సన్ లియుంగ్ అనే గూగుల్ ఇంజనీరు. 2015లో అమెజాన్‌లో అమ్మే టైప్-సీ వైర్లని వరసగా కొని పరీక్షించి రివ్యూలు రాశాడు. 2016 ఫిబ్రవరిలో ఒక వైరులో ప్లస్సు, మైనస్సు తీగలు తారుమారుగా అతికించి ఉండటంతో ఆయన ల్యాప్‌టాపూ, పరీక్ష పరికరాలూ పాడయ్యాయి. ఆ తర్వాతి నెలలోనే అమెజాన్ ప్రమాణం పాటించని టైప్-సీ వైర్ల అమ్మకాన్ని నిషేధించింది. అందుకే మేము ఏ వైరునైనా ముందు పాత ఛార్జర్‌కీ లోడుకీ మధ్యే పెట్టాం. ఫోన్ ఆఖర్న.

నిరోధం బాగున్నా రెండు వైర్లు ఇంకో చోట దొరికిపోయాయి. లోడు నడుస్తుండగా పిన్ను మొదట్లో వైరుని నాలుగు దిక్కులకీ మెల్లగా వంచితే, ఒకచోట అంకె గభాలున పడి మళ్ళీ లేచింది. లూజు కాంటాక్టు. మీరు గానీ ఇది చేస్తుంటే ముందు ఫోన్ సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. అమ్మ ఫోన్ సాకెట్‌లో పత్తి గింజంత దుమ్ము ఉండ దొరికింది. ఫోన్ ఆపేసి, అగరుబత్తి పుల్ల సన్నగా చెక్కి తీశాను. పిన్నీసు మాత్రం పెట్టకండి.

మొత్తానికి 23లో 11 పోయాయి. చూడగానే తీసేసినవి 2, అసలు కరెంటే రానివి 2, లూజువి 2, నిరోధం ఎక్కువైనవి 5. మిగిలిన 12లో ఒకటి ల్యాప్‌టాప్‌కి పెడితే ఫోటోలు ఎక్కించలేదు, ఛార్జింగ్ మాత్రం బ్రహ్మాండంగా చేస్తోంది. దాంట్లో డేటా తీగలు లేవు. పారేయలేదు. పిన్ను దగ్గర ఎర్ర దారం కట్టి, ఛార్జింగ్‌కి మాత్రమే అని చీటీ అంటించాను.

ఆ 11 వైర్లని కవర్లో కట్టి గుమ్మం పక్కన పెట్టాను. సాయంత్రం చూద్దును కదా, మళ్ళీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

"పారేయకురా, దేనికో దానికి పనికొస్తాయి" అంది అమ్మ.

"అమ్మా, పొద్దుట్నుంచీ మేం చేసిందేంటి మరి?"

"ఏమో, అన్నీ బానే ఉన్నాయిగా."

ఇక లాభం లేదని కత్తెర తీసుకుని 11 వైర్లకీ రెండు వైపులా పిన్నులు కత్తిరించేశాను. పిన్నులు మాత్రం బావమరిది పట్టుకెళ్ళాడు, షాపులో పాత బోర్డులతో పాటు ఇచ్చేస్తానని. ముక్కనుమ నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్తే, చిక్కుడు పందిరికి ఒకవైపు గుంజ దగ్గర నా రెండు మీటర్ల ఎర్ర వైరు, మూడు చుట్లు చుట్టి బిగించి ఉంది.