తీర్పు చెప్పని పెద్దమనిషి

విజయనగరంలో మధ్యవర్తుల శిక్షణకు వచ్చినవారిలో చాలామంది ఊళ్లో తగవులు తీర్చిన అనుభవజ్ఞులే. పాత్రలు వేసే అభ్యాసంలో అన్నదమ్ముల గట్టు తగాదా ఇవ్వగానే పరిష్కారాలు చెప్పేశారు.

కానీ 1994లో అమెరికా పండితులు బుష్, ఫోల్గర్ ప్రతిపాదించిన పరివర్తనాత్మక మధ్యవర్తిత్వ పద్ధతిలో ఒప్పందం కుదర్చడం ప్రధానం కాదు. తమ మాట తాము చెప్పుకోగల స్థైర్యం, ఎదుటివారి బాధను గుర్తించే మనసు ఇరువురికీ తిరిగి రావాలి.

ఒక అంగన్‌వాడీ టీచరు మాత్రం తమ్ముడి పాత్రధారి మాటనే నెమ్మదిగా తిరిగి అన్నారు: "నాన్న పోయాక మిమ్మల్ని ఎవరూ ఏదీ అడగలేదు." అన్న పాత్రలో ఉన్నాయన కాగితాలు పక్కన పెట్టి తమ్ముడి వైపు తిరిగారు. ఆ తర్వాత చాలాసేపు గట్టు ఊసే రాలేదు! నాకెంత సంతోషం వేసిందో.

2023 మధ్యవర్తిత్వ చట్టం సామాజిక మధ్యవర్తిత్వానికి, అంటే ఒక ప్రాంతపు ప్రజల మధ్య శాంతిని చెడగొట్టే తగవులు తీర్చడానికి, ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఉండాలంటోంది. వచ్చే విడత శిక్షణ శ్రీకాకుళంలో. అంగన్‌వాడీ టీచర్లను ఇంకొందరిని పిలవమని నిర్వాహకులను అడిగాను.