బెల్టు వేసుకున్నాడు సరే, హుక్కు దేనికి తగిలించాడు?

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో ఒక పాత సిమెంటు రేకుల షెడ్డుకు పైకప్పు మార్చే పనిని నేను పర్యవేక్షిస్తున్నప్పుడు, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేస్త్రీ నన్ను నిచ్చెన మీదికి పిలిచి, "వెలుతురు రేకులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించండి సార్, అప్పుడు కుర్రాళ్లను ఎక్కిస్తాను" అన్నారు. నేను చూపించలేకపోయాను. వెలుతురు కోసం మధ్యమధ్యలో వేసిన, మనిషి బరువుకు ఆగని ఫైబర్ రేకులు ఏళ్ల తరబడి దుమ్మూ నాచూ పట్టి, పక్కనున్న సిమెంటు రేకులలో కలిసిపోయి ఉన్నాయి. లోపలికి దిగి తల పైకెత్తి చూస్తే మాత్రం ఒక్కొక్కటీ తెల్లగా కనిపించింది. కింది నుంచి వరుసలు లెక్కపెట్టి చెబుతుంటే, మేస్త్రీ గోడ పక్కన కట్టిన పరంజా మీద నిలబడి, పొడవాటి కర్రకు కట్టిన కుంచెతో అందినంత మేర ఎర్ర రంగు పూయించారు.

బోల్టుల వరుస మీద నడిస్తే ఏమీ కాదని మన పనివాళ్లలో గట్టి నమ్మకం ఉంది. కింద పర్లిన్, అంటే రేకులను మోసే అడ్డదూలం, ఉన్నమాట నిజమే గాని, పాదం జానెడు పక్కకు పడితే ఎండకూ వానకూ పెళుసెక్కిన రేకు ఆగదు. అందుకే కనీసం రెండు పర్లిన్ల మీద ఆనేంత పొడవైన పలకలు పరిచి, వాటి మీదనే నడవాలి.

ఎత్తున పనిచేసేవారు కట్టుకునే భద్రతా బెల్టు విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది, అది ఒంటి మీద ఉంటే చాలనుకోవడం. హుక్కును కాళ్ల దగ్గరి పర్లిన్‌కు తగిలించిన మనిషి పడితే, బెల్టును హుక్కుకు కలిపే తాడు 2 మీటర్లు, కుదుపు తగ్గించడానికి విచ్చుకునే షాక్ అబ్జార్బరు సుమారు 1.75 మీటర్లు, వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5 మీటర్లు, అడుగున వదలవలసిన ఖాళీ 1 మీటరు, అన్నీ కలిపి 6.25 మీటర్లు కావాలి. మా షెడ్డు చూరు ఎత్తు 6 మీటర్లే. అంత ఎత్తు నుంచి పడే మనిషికి సెకనుకు కాస్త మించిన వ్యవధి మాత్రమే ఉంటుంది. పైగా సన్నని పర్లిన్ ఆ కుదుపుకు నిలుస్తుందో లేదో లెక్క కట్టినవారెవరూ అక్కడ లేరు.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిన తరువాతే షెడ్డు యజమాని వలకు ఒప్పుకున్నారు. 1998 నాటి కేంద్ర నిర్మాణ కార్మికుల నియమాలలోనే భద్రతా వలల ప్రస్తావన ఉన్నా, చాలాచోట్ల దానిని అదనపు ఖర్చుగానే చూస్తారు. పైకప్పుకు వీలైనంత దగ్గరగా వల కట్టించాము, అంచుల వెంట పరంజాకు నడుము ఎత్తున రెయిలింగు పెట్టించాము. రాత్రి మంచుకు నాచు జారుతుంది కనుక ఎండ పడి రేకు ఆరేదాకా ఎవరినీ ఎక్కనివ్వలేదు. బెల్టుకు వేలాడే మనిషిని నిమిషాలలో దించకపోతే రక్తప్రసరణ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, ఒక నిచ్చెననూ ఇద్దరు మనుషులనూ దాని కోసమే కింద ఉంచాము.

మూడో రోజు సాయంత్రం వలలో ఒక పానా, చెయ్యెడు వెడల్పు ఫైబర్ రేకు ముక్క కనిపించాయి. మేస్త్రీ ఆ ముక్కను పారవేయనివ్వలేదు. మర్నాడు కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల చేతికి ఇచ్చి, విరిచి చూడమన్నారు.