ఎక్స్‌కవేటర్ పంపు: అంతా ప్లేటు వాలులోనే ఉంది

బల్లార్షా, రాజురా చుట్టుపక్కల బొగ్గు గనుల్లో ఎక్స్‌కవేటర్ల మీద పనిచేస్తున్న మన తెలుగు కుర్రవాళ్లలో చాలామంది, బకెట్ బలం తగ్గగానే, దాన్ని ఆయిల్ బలంతో కదిలించే హైడ్రాలిక్ పంపు ప్రెషర్ తయారు చేయడం మానేసిందని అనుకుంటారు. నిజానికి ఏ పంపూ ప్రెషర్‌ను తయారు చేయదు. అది ఆయిల్‌ను ముందుకు తోస్తుంది. ఎదురుగా ఉన్న బరువు ఎంత అడ్డుకుంటే అంత ప్రెషర్ పుడుతుంది. ఈ సంగతి మనసుకు పట్టిన తరువాతే మిగిలినదంతా అర్థమవుతుంది.

ఇంజన్ షాఫ్టుతో పాటు పంపు లోపల ఒక సిలిండర్ బ్లాకు తిరుగుతుంది. అందులో షాఫ్టుకు సమాంతరంగా, దాని చుట్టూ సాధారణంగా 9 పిస్టన్లు ఉంటాయి. బేసి సంఖ్య ఎందుకంటే, అప్పుడు ఆయిల్ ప్రవాహంలో ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. ప్రతి పిస్టన్ చివర షూ అనే చిన్న పాదం ఉంటుంది, అది తాను తిరగని స్వాష్ ప్లేటు అనే వాలు పలక మీద జారుతుంది. ప్లేటు వాలుగా ఉన్నందువల్ల పిస్టన్ సగం చుట్టులో వెనక్కి జరిగి ఆయిల్ పీల్చుకుంటుంది, మిగిలిన సగంలో దాన్ని నెట్టేస్తుంది. బ్లాకు రెండో వైపున ఉన్న వాల్వ్ ప్లేటులోని చిక్కుడు గింజ ఆకారపు రెండు రంధ్రాలు ఈ రెండు పనులనూ వేరుచేస్తాయి.

అసలు అందం ఆ వాలును మార్చగలగడంలో ఉంది. 71 సీసీ పంపు, అంటే ఒక్కో చుట్టుకు 71 ఘన సెంటీమీటర్ల ఆయిల్ తోసేది, నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, పూర్తి వాలులో నిమిషానికి సుమారు 106 లీటర్లు ఇస్తుంది. అదే ప్లేటు షాఫ్టుకు అడ్డంగా, వాలు లేకుండా నిలిస్తే వేగం ఏమాత్రం తగ్గకపోయినా ఒక్క చుక్క కూడా పంపదు. ప్రెషర్ పెరిగి స్ప్రింగు బలాన్ని మించగానే స్పూలు అనే చిన్న కడ్డీ వాల్వు జరిగి కంట్రోల్ పిస్టన్‌కు ఆయిల్ వదులుతుంది, అది ప్లేటు వాలును తగ్గిస్తుంది. 175 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర నిమిషానికి 180 లీటర్లు, 350 బార్ దగ్గర 90 లీటర్లు: రెండింటికీ కావలసిన శక్తి 52.5 కిలోవాట్లే. గట్టి రాయి తగిలినప్పుడు ఇంజన్ ఆగిపోకుండా బకెట్ నెమ్మదించడానికి కారణం ఇదే. వాలు మారని పంపు అయితే 250 బార్ దగ్గర నిమిషానికి 100 లీటర్లు, ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలే రిలీఫ్ వాల్వు మీదుగా పోతే 41 కిలోవాట్లకు పైగా వేడిగా మారుతుంది. చంద్రపూర్ మే నెల ఎండలో ఆ వేడిని ఏ కూలరు భరిస్తుంది?

నా దృష్టిలో పంపు ఆరోగ్యం తెలిపేది కేస్ డ్రెయిన్ గొట్టమే, అంటే పంపు డొల్ల (కేసు) లోకి కారిన ఆయిల్‌ను బయటికి తీసుకుపోయే గొట్టం. పిస్టన్‌లోని సన్నని రంధ్రం గుండా వచ్చే ఆయిల్ షూ కింద పలుచని పొరగా నిలిచి దాన్ని కాపాడుతుంది. అలా జారిన ఆయిలే ఆ గొట్టం ద్వారా ట్యాంకుకు చేరుతుంది. అరుగుదల పెరిగితే ఈ ప్రవాహమూ పెరుగుతుంది. కాబట్టి పంపు విప్పే ముందు, ఆయిల్ పని వేడికి వచ్చాక, లోడు మీద దాన్ని కొలిచి తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చాలి. ఫిల్టరు కోసి చూసినప్పుడు బంగారు రంగు పొడి కనిపిస్తే షూలు అరుగుతున్నాయని అనుమానించవచ్చు.

కొత్త పంపు బిగించిన రోజున కేసును శుభ్రమైన ఆయిల్‌తో నింపకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. నింపకపోతే మొదటి కొద్ది సెకన్లు షూలు పొడిగా రాసుకుంటాయి. వాటి ముఖాల మీద అప్పుడు పడిన గీతలు వేలిగోటికి తగులుతాయి.