విత్‌డ్రాయల్ అంటే బ్యాంకు చీటీ అనుకున్నాను

నలభై రెండేళ్ల వయసులో నా ఇంగ్లీషు చదువు ఒక మందు డబ్బాతో మొదలైంది.

మాది ఆకివీడు దగ్గర పల్లె. నాలుగెకరాల రొయ్యల చెరువు. 1990ల మధ్యలో వచ్చిన తెల్లమచ్చ తెగులు మా నాన్నగారి టైగర్ రొయ్యలను ఊడ్చేసింది. 2009లో వనామీ అనే మరో రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ ధైర్యం చేశాం. మేత సంచి నుంచి మందు డబ్బా దాకా అన్నిటి మీదా ఇంగ్లీషే. అందులో ఏముందో దుకాణదారు చెప్పేవాడు, మేం తల ఊపేవాళ్లం.

ఒక పంట చివర్లో రొయ్యలు మేత తగ్గించాయి. దుకాణదారు ఒక డబ్బా చేతిలో పెట్టి, "మేతలో కలిపి వారం రోజులు వేయండి, పట్టుబడికి అడ్డేమీ ఉండదండి" అన్నాడు. నాలుగో రోజున, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ డబ్బా తిప్పి చూసి, "నాన్నా, విత్‌డ్రాయల్ ఇరవై ఒక్క రోజులు అని ఉంది" అంది. మందు నచ్చకపోతే డబ్బు వెనక్కి తీసుకునే గడువు కాబోలు అనుకున్నాను. బ్యాంకు చీటీ మీద ఆ మాటకు అర్థం అదే కదా! నిఘంటువు ముందేసుకుని ఇద్దరం అరగంట కుస్తీ పట్టాక తెలిసింది: మందు ఆపాక అన్ని రోజులు గడిస్తేగాని రొయ్యలు పట్టకూడదట. మా పట్టుబడికి తొమ్మిది రోజులే ఉంది.

ఆగాను. ఆ మూడు వారాల మేత ఖర్చు, చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు నేనే భరించాను. దుకాణదారును నిలదీస్తే, "అందరూ అలాగే వాడుతున్నారండి" అన్నాడు.

ఆ రాత్రే చెరువు లెక్కల పుస్తకంలో వెనుక పేజీలు ఇంగ్లీషుకు కేటాయించాను. రోజూ ఒక సంచి, ఒక డబ్బా. వ్యాకరణం జోలికి పోలేదు. తెలుగులో రాసిందే పలుకుతాం కనుక ఇంగ్లీషునూ అలాగే నమ్మి, మోతాదుకు వాళ్లు రాసే 'డోసేజ్' అన్న మాటను 'దోసగే' అని చదివాను. మా అమ్మాయి వారం రోజులు నవ్వింది. అసలు కష్టం పొడవాటి మాటలతో కాదు. క్రియ మనకు వాక్యం చివర వస్తుంది, వాళ్లకు ముందే వచ్చేస్తుంది. 'అయితే తప్ప' అనే అర్థమిచ్చే 'అన్‌లెస్' అన్న చిన్న మాట తగిలితే వాక్యం మొత్తం తిరగేసి చదువుకోవాలి. అది పట్టుబడటానికి నాకు ఏడాది పట్టింది.

తర్వాత ఫోనులో చదవడం మొదలైంది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ, తాము తిరగ్గొట్టిన దిగుమతి సరుకుల జాబితాను కారణాలతో సహా అందరికీ కనబడేలా పెడుతుంది. అందులో మన దేశపు రొయ్యలు వెతికాను. సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా అని ఒకచోట, పశువైద్య మందులని మరోచోట. ఇంకోచోట 'ఫిల్తీ' అని ఉంది. నిఘంటువులో చూస్తే 'రోతగా ఉన్న' అని అర్థం. కోపం వచ్చింది. మర్నాడు చెరువు గట్టు మీద పడి ఉన్న ఖాళీ సంచులు, నీటి అంచున తిరుగుతున్న కుక్కలు చూశాక ఆ కోపం కొంత నా మీదికే మళ్లింది. ధర పడిపోయినప్పుడల్లా దళారులను తిట్టడమే తెలిసినవాడిని. మా రొయ్యను అవతలి ఒడ్డున ఎవరో విప్పి, వాసన చూసి, పరీక్షిస్తున్నారన్నది అంతవరకూ నా ఊహలోనే లేదు.

కౌంటు సంగతి అంతకన్నా తమాషా. కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క; అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదన్నమాట. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు అక్కడి దుకాణంలోని రొయ్యల సంచి ఫొటో పంపాడు. దాని మీద 21/25 అని ఉంది. ముప్పై కౌంటుకే మురిసిపోయే నాకు గుండె జారింది. తర్వాత చిన్న అక్షరాలు చదివితే తెలిసింది, ఆ లెక్క కిలోకు కాదు, పౌనుకు. అంటే దాదాపు 454 గ్రాములకు. పైగా తల తీసేసిన రొయ్య. కాగితం మీద లెక్కవేశాను: మా ముప్పై కౌంటు రొయ్యే తల పోగొట్టుకుని అక్కడ ఇంచుమించు ఆ అంకెలో కూర్చుంది!

మాట్లాడటం మాత్రం ఇప్పటికీ రాదు. ఒకసారి కొనుగోలుదారు తరఫున తెల్లవాడొకడు వచ్చి ఏదో అడిగితే, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయి కొబ్బరిబొండం చేతికిచ్చాను. చదవడం వస్తుంది కదా అని మా అమ్మాయి సర్దిచెబుతుంది. పొద్దున్నే పక్క చెరువు కుర్రవాడు డబ్బా పట్టుకుని గట్టెక్కుతాడు. "బాబాయ్, దీని మీద ఎన్ని రోజులు అని ఉంది?" నేను కళ్లజోడు వెతుక్కుంటాను.